నున్నటి మాను

అద్దాల ఇంట్లో పనిచేసేవాళ్ళకి కోపం కూడా చెమటతో కలిసే వస్తుంది. బయట చలిగాలి చెవులు కొరుకుతుంటుంది. తలుపు తోసుకుని లోపలికి అడుగు పెడితే చాలు, కళ్ళజోడు తెల్లబడిపోతుంది, ఒంటిమీద కోటు బరువెక్కిపోతుంది. ఎక్కడో భూమధ్యరేఖ పక్కన వానలో నానుతూ పెరగాల్సిన చెట్లని తెచ్చి, ఇనపచట్రాలకి గాజుపలకలు బిగించి, ఆవిరి గొట్టాలతో వెచ్చబెట్టి, ఇదే మీ అడవి అనుకోండి అని నచ్చజెప్పే చోటు అది. చాలా చెట్లు నమ్మేస్తాయి. అరటి నమ్మి గెల వేసింది. మిరియాల తీగ నమ్మి స్తంభమెక్కి కూర్చుంది. ఒక్క చెట్టు మాత్రం నమ్మలేదు. ఆ ఒక్కటే అద్దాల మామకి కంట్లో నలుసు.

అద్దాల మామ అంటే ఆ ఇంటి తోటమాలి. అద్దాలు తుడిచేది అతను కాదు, ఆ పనికి నిచ్చెనలవాళ్ళు వేరే ఉన్నారు. అతని చేతికింద పెరిగిన చెట్ల మానులు అద్దాల్లా మెరుస్తాయని, ఆవిరి గొట్టాలకి వేడి పంపే బాయిలరాయన పెట్టిన పేరది. ప్రతి శనివారం, చూడవచ్చిన జనం వెళ్ళిపోయి తలుపులు మూశాక, అతను బాల్చీలో సబ్బునీళ్ళు కలుపుకుంటాడు. నడుముకి కట్టుకున్న సంచిలోంచి తను చెక్కుకున్న వెదురుబద్ద తీస్తాడు. ఒక్కో మానునీ కొమ్మల మొదలునించి వేళ్ళ దాకా గీకి, పాత దుప్పటి ముక్కతో తుడుస్తాడు. వెదురే ఎందుకంటే, ఇనుము బెరడుని కోస్తుంది, వెదురు పైపైన ఒలిచి వదిలేస్తుంది. కొన్నాళ్ళకి ఆ బద్ద అతని అరచేతికి ఆరో వేలైపోయింది.

ఇది వట్టి శుభ్రం పిచ్చి అనుకుంటే పొరపాటు. అడవిలో పురుగుని తినడానికి పిట్ట ఉంటుంది, ఆ పిట్టని మింగడానికి పాముంటుంది. అందరూ ఒకరిమీద ఒకరు కన్నేసి బతుకుతారు. గాజు కింద ఆ కాపలా ఏదీ లేదు. ఒక్క పిండినల్లి లోపలికొచ్చి కాపరం పెట్టిందంటే, కిందికి చూసి పైకి చూసేలోగా ఇల్లంతా దాని బంధువులే. అద్దాల మామ పనిలో కుదురుకున్న కొత్తలోనే అలాంటి తెగులొకటి వచ్చి, సగం చెట్లని నరికి బాయిలర్లో వేయాల్సొచ్చింది. అప్పటి పెద్దమాలి, నిప్పు ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంటూ, ఇతని చేతిలో ఒక బద్ద పెట్టి చెప్పాడు: "ఒరే, మానుమీద మొటిమ లేచిందంటే లోపల పురుగు అద్దెకి దిగిందన్నమాట. పిల్లలు పుట్టకముందే ఖాళీ చేయించు. ఆలోచించకు. ఆలోచించినవాడి చెట్లే ఇలా మండేది."

పెద్దమాలి పోయాడు, మాట మిగిలింది. అద్దాల మామ ఆలోచించలేదు. అతని ఇంట్లో మళ్ళీ ఆ తెగులు రాలేదు కూడా.

ఇక ఆ చెట్టు సంగతి. లోపలికి రాగానే కుడిచేతి వైపు, గొట్టాలు మలుపు తిరిగే మూల నిలబడి ఉంటుంది. మనిషికి రెండింతల ఎత్తు, గుబురు తల. ఆకులు జంటలు జంటలుగా, ఒక గుండెకాయని నిలువునా చీల్చి పక్కపక్కన పెట్టినట్టుంటాయి. మెడలో రేకుముక్క మీద 'సైనోమెట్రా' అని చెక్కి ఉంది. దాని పక్కన ఇంకో మాట ఉండేది, తుప్పు తినేసింది. అంటే వంశం పేరుంది, సొంత పేరు పోయింది. ఎప్పుడో ఒకసారి చెట్లమీద పుస్తకాలు రాసే ఒకాయన చూడవచ్చి, దాని చుట్టరికాలన్నీ చెప్పాడు. చింతకి దగ్గర చుట్టమట. కందికీ శనగకీ దూరపు చుట్టమట. ఈ వంశంలో వానల అడవుల్లో పొదల్లా ముడుచుకున్నవీ ఉన్నాయట, మేడంత ఎదిగినవీ ఉన్నాయట. కాయ ముడతలు పడి వంకరగా ఉంటుందని, ఆ పేరు పెట్టిన మహానుభావుడికి దాన్ని చూడగానే ఆడకుక్క గర్భసంచి గుర్తొచ్చి, రెండు గ్రీకు మాటలు అతికించి పేరు చేశాడట.

"మీదానికి పువ్వో కాయో వస్తే ఇది ఏ రకమో ఇట్టే చెప్పెయ్యొచ్చు," అన్నాడు ఆయన మాను మీద చెయ్యి వేసి నిమురుతూ. "కొన్ని రకాలకి మాను గడ్డలు గడ్డలుగా ఉంటుందంటారు. మీది ఇంత నున్నగా ఉందంటే ఇది ఆ రకం కాదన్నమాట."

అద్దాల మామ ఆ మాటని పొగడ్త కింద జమకట్టుకున్నాడు.

ఆయన వెళ్ళిపోయాడు. పువ్వు రాలేదు, కాయ రాలేదు. కాయని చూసి పెట్టిన పేరు మెడలో వేసుకుని, కాయ జోలికి పోకుండా ఏళ్ళ తరబడి నిలబడడానికి ఆ చెట్టుకి సిగ్గనిపించలేదేమోగాని, దాన్ని పెంచినవాడికి అనిపించింది. పైగా దాని కొత్త ఆకుల నాటకం ఒకటి. చిగురు పెట్టినప్పుడల్లా, ఆకులు లేతగులాబీ రంగులో, ఎముకలేని వేళ్ళలా, కిందికి జారిపోయి వేలాడతాయి. కొన్నాళ్ళకి పచ్చబడి, బిగుసుకుని, తలెత్తుతాయి. దాని తీరే అంత. ఆ కొన్నాళ్ళూ చూడవచ్చినవాళ్ళంతా ఆగి, "అయ్యో, ఈ చెట్టు చచ్చిపోతోందండీ, నీళ్ళు పొయ్యరా?" అని అడుగుతారు. అందరికీ ఓపిగ్గా చెప్పీ చెప్పీ అతని నోరు ఎండిపోయేది.

"మామా, నీ చెట్టు మళ్ళీ మూర్ఛపోయింది. ఉల్లిపాయ వాసన చూపించనా?" అని బాయిలరాయన గొట్టాల పక్కనించి కేకేసేవాడు.

"నీ బాయిలర్లో తల పెట్టి ఊదుకో ఫో."

"చేతిరుమాళ్ళు ఆరేసినట్టుంది మామా. ఒకటి తీసుకుని ముక్కు చీదుకోనా?"

"తియ్, తీసి చూడు. వెంటనే నీ ముక్కు ఉండదు."

ఇలా సాగిపోయేదే. కానీ ఆ ఏడు పైకప్పు గాజుపలకలు మార్చాలన్నారు. కొత్తగా వచ్చిన సూపరింటెండెంటమ్మ నీటిసరఫరా శాఖలోంచి బదిలీ అయి వచ్చింది. చెట్లు తెలియవని తనే చెప్పేసింది, కానీ గొట్టాలు తెలుసు, కొలతలు తెలుసు, మాటంటే మాట. కంట్రాక్టరుతో లోపలంతా తిరిగి చూసి, పరంజా స్తంభాలు ఎక్కడెక్కడ దిగాలో సుద్దతో గుర్తులు పెట్టించింది. ఒక గుర్తు తిన్నగా ఆ చెట్టు మొదట్లో పడింది.

"పెద్దాయనా, ఇది తీసేద్దాం," అంది.

అతను సుద్ద గుర్తుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, అది మంచి చెట్టమ్మా."

"మంచిదే అయ్యుంటుంది. దీనివల్ల ఏం వస్తుంది? ఏళ్ళనించి పువ్వు లేదంటున్నారు, పేరు సగమే ఉందంటున్నారు, ఎండిపోతోందని జనం నాకు ఫిర్యాదులు పెడుతున్నారు. అరటిని తీసేస్తానంటే అరటిపళ్ళు చూడవచ్చేవాళ్ళు ఊరుకోరు. దీన్ని తీస్తే ఎవరు అడుగుతారు?"

"నేను అడుగుతానమ్మా."

ఆమె నవ్వలేదు, విసుక్కోలేదు. "సరే. చలికాలం వెళ్ళాకే పని మొదలుపెడతాం. ఈలోపు ఒక్క పువ్వు చూపించండి. ఒక్కటి చాలు. పరంజా స్తంభం జరిపిస్తాను. లేదంటే మాత్రం ఇంకో మాట లేదు."

అప్పటినించి మొదలైంది అద్దాల మామ అవస్థ. బాయిలరు బూడిద జల్లెడపట్టి మొదట్లో వేశాడు. చెట్టు పట్టించుకోలేదు. నీళ్ళు తగ్గిస్తే భయపడి పూస్తాయి కొన్ని అని ఎవరో చెప్పారు, తగ్గించాడు. అది భయపడలేదుగాని ఆకులు రాల్చింది. ఇతను భయపడి నీళ్ళు గుమ్మరించాడు. వేళ్ళు కొన్ని కత్తిరించి చూశాడు. పక్క చెట్టు కొమ్మలు నరికి ఎండ తగలనిచ్చాడు. ఆ పక్క చెట్టు సంతోషించి విరగబూసింది. ఇది మాత్రం నీకూ నాకూ ఏం సంబంధం అన్నట్టు నిలబడింది. రోజూ పొద్దున్నే నిచ్చెనెక్కి కొమ్మల చివర్లు, ఆకుల పంగలు, తల గుబురు అంతా వెతికి దిగేవాడు. దిగి దాన్ని తిట్టేవాడు. తిట్టి మళ్ళీ మాను తుడిచేవాడు. ఎందుకంటే ఆ చలికాలం మానుమీద మొటిమలు మరీ ఎక్కువయ్యాయి. శనివారం గీకితే బుధవారానికల్లా మళ్ళీ గరగరలాడేవి. వారానికి రెండుసార్లు గీకడం మొదలుపెట్టాడు. పూత లేకపోగా పైనించి పురుగా అని పళ్ళు నూరుకునేవాడు.

ఇంట్లో కూడా ఇదే గోల. భార్య కుట్టుమిషను మీద కాలాడిస్తూ వినేది. ఆస్పత్రి దుప్పట్లకి, దిండు గలీబులకి అంచులు కుట్టడం ఆవిడ పని. ఆ ఇంటికొచ్చే పాత దుప్పటి ముక్కలన్నీ చివరికి చెట్లకే చేరేవి.

"మీరు ఆ చెట్టుని తోమినట్టు ఇంట్లో ఒక్క గిన్నె తోమితే నాకు నడుం నొప్పి ఉండేది కాదు," అంది ఒకరోజు.

"గిన్నెకి పురుగు పట్టదే."

"పట్టకపోయినా తోముతున్నాగా నేను!"

కిటికీ దగ్గర కూర్చున్న అత్తగారు ఒక చెవితో వింటూ, రెండో చెవి వినిపించదన్న ధైర్యంతో గట్టిగా అనేసేది. "అల్లుడుగారూ, ఆ చెట్టుకి ఊడిగం చేసినంత కాలం ఇంకెవరికైనా చేసుంటే ఈపాటికి మీకు గుడి కట్టేవాళ్ళు. కనీసం ఒక కుర్చీ వేసేవాళ్ళు."

అతను భోజనం ముందు నించి లేచిపోయేవాడు. ఎవరిమీద కోపమో తెలియని కోపం అది. చెట్టుమీద అరిస్తే అది వినదు. సూపరింటెండెంటమ్మ తప్పు లేదు. ఇంట్లోవాళ్ళ మాటలు అబద్ధం కావు. అలాంటి కోపానికి దిగడానికి చోటుండదు, ఒంట్లోనే తిరుగుతుంటుంది.

చలికాలం చివర్లో, తెల్లారకముందే తలుపు తీసి, నీళ్ళడబ్బా పట్టుకుని చెట్టువైపు నడుస్తూ, పాచిపట్టిన ఇటుకలమీద కాలు జారాడు. కుడిచెయ్యి కింద పెట్టి పడ్డాడు. మణికట్టు దగ్గర టిక్కుమంది. బాయిలరాయన పరిగెత్తుకొచ్చి లేవదీసేసరికి, అతను నొప్పితో మూలుగుతూ చెట్టుకేసే చూస్తున్నాడు.

"చూసుకుందువుగాని మామా, అదెక్కడికీ పోదు. దానికి కాళ్ళున్నాయా?"

"నరికితే పోతుందిరా," అన్నాడు అద్దాల మామ.

పిండికట్టు వేశారు, చెయ్యి మెడకి వేలాడేశారు, కదపొద్దన్నారు. ఇంట్లో అతను పంజరంలో పెట్టిన పిల్లిలా తిరిగాడు. భార్య గుమ్మం దగ్గర మిషను వేసుకుని కూర్చుంది. అంచులు కుట్టడానికేనంది. అతన్ని దాటనివ్వకుండా ఉండడానికేనని ఇద్దరికీ తెలుసు. అతని బాధంతా ఒకటే. మొటిమలు. ఈ వారం ఎవరూ గీకకపోతే, వచ్చేవారానికి పురుగు, ఆపైవారానికి ఇల్లంతా. పైగా గడువు దగ్గరపడుతోంది. రేపో మాపో పూస్తుందేమో, ఆ పూత పురుగుపాలై పోతే?

బాయిలరాయన చూడవచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని బతిమాలాడు. వెదురుబద్ద సంచి విప్పి చేతిలో పెట్టాడు. "ఒరే అబ్బాయ్, నీకు పుణ్యముంటుంది. శనివారం శనివారం ఆ మూల చెట్టు ఒక్కటీ గీకు. మిగతావి పోనీ. పైనించి కిందికి గీకాలి, కిందినించి పైకి కాదు. తరవాత సబ్బునీళ్ళతో తుడవాలి."

"నువ్వు చెప్పాలా మామా. నిన్ను చూస్తూ పెరిగినవాణ్ణి."

ఆ తరవాత వచ్చినప్పుడల్లా అడిగేవాడు.

"గీకావా?"

"గీకడమా? అద్దంలా ఉంది. నిన్న అందులో చూసుకునే గడ్డం చేసుకున్నా."

భార్య మిషను ఆపి బాయిలరాయన గడ్డం వంక చూసింది. చేసుకున్న ఛాయలు కనబడలేదు.

గడువు రేపనగా అతనింక ఆగలేకపోయాడు. కట్టు విప్పడానికి ఇంకా టైముంది. భార్య కుట్టినవి ఇచ్చిరావడానికి ఆస్పత్రికి వెళ్ళింది. అత్తగారు నిద్రపోతోందో, నిద్రపోతున్నట్టుందో. ఎడమచేత్తో కోటు భుజంమీద వేసుకుని బయటపడ్డాడు.

అద్దాల ఇంటి తలుపు తోశాడు. కళ్ళజోడు తెల్లబడింది. చొక్కా అంచుతో తుడుచుకుని, పెట్టుకుని, మూలకి చూశాడు.

మానంతా మొటిమలు. మొటిమలు కావు, గడ్డలు. వేలెడంత, బొటనవేలంత, ఒకదాన్నొకటి ఆనుకుని, మోకాలు ఎత్తునించి కొమ్మలు చీలే దాకా, పుండుపడ్డ ఒళ్ళులా. ఆ మూల మసకలో, మళ్ళీ ఆవిరి పట్టిన కళ్ళజోడులోంచి, అతనికి గడ్డలే కనబడ్డాయి. అతను జీవితమంతా తుడిచిన నునుపు ఎక్కడా లేదు. ఒంట్లో తిరుగుతున్న కోపానికి ఇన్నాళ్ళకి చోటు దొరికింది.

బాయిలరాయన చేతికిచ్చిన వెదురుబద్ద, తెచ్చి తగిలించిన కొక్కేనికే చెట్టు పక్కన వేలాడుతోంది, బూజు పట్టి. అంటే ఒక్కసారి కూడా తియ్యలేదు. ఎడమచేత్తో అందుకున్నాడు. ఎడమచెయ్యి ఆ పని ఎరగదు. అడ్డదిడ్డంగా పోతోంది, బెరడుని కూడా లాగేస్తోంది. అయినా ఆగలేదు. పైనించి కిందికి, పైనించి కిందికి. "గడ్డం చేసుకున్నాడట, దొంగవెధవ! అద్దంలా ఉందట!" ఒక్కో గడ్డ రాలినప్పుడల్లా బాయిలరాయన్ని ఒక్కో తిట్టు తిట్టాడు. తిట్లయిపోయాయి, గడ్డలింకా ఉన్నాయి. మళ్ళీ మొదటినించి తిట్టాడు. మోకాలు ఎత్తు దాకా వచ్చాక ఆయాసం వచ్చి, మెడకున్న గుడ్డ అడ్డంపడి వంగలేక, బద్దని ప్యాంటుకి రాసి తుడవబోయాడు.

బద్ద అంచున, బెరడు పొట్టులో అతుక్కుని, తెల్లగా ఏదో ఉంది. బూజనుకున్నాడు. కళ్ళజోడు పైకెత్తి దగ్గరగా పెట్టుకున్నాడు.

పువ్వు. గోరంత కూడా లేదు. లేత గులాబీ తెలుపు రేకులు వెనక్కి విరుచుకుని, మధ్యలో దారాల్లాంటి కేసరాలు, చిట్లిపోయి.

కింద చూశాడు. ఇటుకలమీద, రాలిన గడ్డల్లో, బెరడు పొట్టులో, ఎక్కడ చూస్తే అక్కడ అవే. కొన్ని విచ్చినవి, కొన్ని బియ్యపుగింజంత మొగ్గలు. ఎవరో గుప్పిళ్ళతో చల్లినట్టు.

అతను పనసచెట్టు ఎరగనివాడు కాదు. కాయ మానుకి వేలాడుతుందని పుట్టినప్పటినించీ తెలుసు. మేడిచెట్టు మొదట్లో గుత్తులు గుత్తులుగా కాస్తే రాళ్ళతో కొట్టినవాడే. వానల అడవుల్లో పైన అంతా చీకటి గుబురు, వెలుతురూ గాలీ ఉండవు, చిన్న ఈగలు నేల దగ్గరే తిరుగుతాయి, అందుకే కొన్ని చెట్లు వాటికి అందేలా మానుమీదే పూస్తాయి. అలాంటివి ఎన్నో ఉన్నాయి. తెలియక కాదు. తెలిసినది ఒక జేబులో ఉంది, చెయ్యి ఇంకో జేబులో ఉంది. నిచ్చెనెక్కి ఆకాశంలో పువ్వు వెతికి, దిగి, కాళ్ళదగ్గరి పువ్వుని గీకి పారేశాడు. ఒక్కసారి కాదు. ఎన్ని శనివారాలో లెక్కపెట్టుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

"మామా! ఎప్పుడొచ్చావు?" బాయిలరాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, మానుని చూసి, నేలని చూసి, ఆగిపోయాడు. తిట్లు పడతాయని ముందే సంజాయిషీ మొదలుపెట్టాడు. "చేద్దామనే అనుకున్నా మామా. ఒక శనివారం ఒంట్లో బాలేదు, ఇంకో శనివారం బాయిలరు మొరాయించింది..."

అద్దాల మామ ఎడమ అరచెయ్యి చాపాడు. అందులో చిట్లిన పువ్వుంది.

బాయిలరాయన చూశాడు. నేలమీద మోకాళ్ళు ఆన్చి ఒక గడ్డ ఏరి చూశాడు. ఇంకోటి ఏరాడు.

"అంటే నేను బద్ధకించబట్టి..."

"నోరు ముయ్యి."

"కాదు మామా, నేను బద్ధకించబట్టే కదా..."

"నోరు ముయ్యరా అంటే!"

మూశాడు. ఒక్క క్షణమే. "నువ్వింకొక్క రోజు ఇంట్లో పడుకుని ఉంటే బావుండేది మామా," అన్నాడు చిన్నగా. వెక్కిరింతకి అన్నది కాదు. అందుకే మరీ గుచ్చుకుంది.

అతికించడానికి పనికొచ్చే వస్తువా అది? అయినా అద్దాల మామ రాలిన గడ్డ ఒకటి తీసుకుని, మానుకి ఉన్న గాయంమీద పెట్టి నొక్కాడు. చెయ్యి తీస్తే పడిపోయింది. మళ్ళీ పెట్టాడు. బాయిలరాయన మెల్లగా ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించి, "ఉండు, నేను వెతుకుతా," అని, గొట్టానికీ మానుకీ మధ్య సందులోకి తల దూర్చాడు.

"మామా! కదలకు. బద్ద అవతల పెట్టు. ముందు ఆ బద్ద దూరంగా పెట్టు."

మోకాలి కింద, గొట్టం వెనక, మెడ గుడ్డ అడ్డంపడి అతను వంగలేకపోయిన చోట, ఒక గడ్డ మిగిలింది. దానిమీద గుత్తిగా పువ్వులు, పక్కపక్కన మొగ్గలు. గొట్టం వెచ్చదనానికి ఒక ఈగ కూడా వచ్చి తిరుగుతోంది.

పొద్దున్న సూపరింటెండెంటమ్మ కంట్రాక్టరుని వెంటబెట్టుకుని వచ్చేసరికి, ఇద్దరూ గొట్టం పక్కన నేలమీద కూర్చుని ఉన్నారు. అద్దాల మామ భార్య కూడా అక్కడే నిలబడి ఉంది. ఇంట్లోంచి చెప్పకుండా పారిపోయినందుకు తిట్టాల్సినవన్నీ ముందురోజే తిట్టేసి, చూద్దామని వచ్చింది.

"ఏదీ?" అంది సూపరింటెండెంటమ్మ.

వేలు పెట్టి చూపించారు. ఆమె ఫైలు బాయిలరాయన చేతికిచ్చి, కోటు ముడుచుకుని, నేలమీద చెయ్యి ఆనించి వంగి చూసింది.

"ఇంతేనా?"

"నిన్నటిదాకా చాలా ఉండేవండీ," అన్నాడు బాయిలరాయన, నోరు ఊరుకోక.

అద్దాల మామ తల దించుకున్నాడు. ఆమె లేచి, మానంతా పైనించి కిందిదాకా చూసింది. పచ్చిగా ఉన్న గాయాలు, వరసలు వరసలుగా వెదురు గీతలు. పిండికట్టు వేసిన చేతిని చూసింది, గోళ్ళలో బెరడు ఇరుక్కున్న ఎడమచేతిని చూసింది. నీటిసరఫరా శాఖలో పగిలిన గొట్టాల దగ్గర నిలబడి, ఎవరు పగలగొట్టారో ఎప్పుడూ అడగకుండా నీళ్ళెలా ఆపాలో చూసిన మనిషి.

"ఒక్కటి చాలన్నాను, ఒకటుంది," అంది. కంట్రాక్టరు వైపు తిరిగింది. "ఆ గుర్తు చెరిపి, స్తంభం అవతలికి జరపండి."

"మేడం, జరిపితే ఆ పక్క అరటి..."

"అరటి మళ్ళీ లేస్తుంది. జరపండి."

కంట్రాక్టరు గొణుక్కుంటూ కాలితో సుద్దగీత చెరిపాడు. ఆమె వెళ్ళబోతూ ఆగి, "చుట్టూ తాడు కట్టించండి. చెట్టుని ఎవరూ ముట్టుకోవద్దని అట్టముక్క రాసి పెట్టండి. ఎవరూ అంటే," అని అద్దాల మామకేసి చూసి, ఆపేసింది.

"తెలుసమ్మా," అన్నాడు.

పువ్వులన్నీ రాలిపోయాయి. గుత్తికంతటికీ ఒక్కటంటే ఒక్క కాయ నిలబడింది. మొదట కందిబద్దంత. పోనుపోను ముడతలు తేలి, నలిగిన చెవితమ్మెలా వంకర తిరిగింది. ఆ పుస్తకాలాయనకి కబురు పంపారు. ఆయన ఇంకా రాలేదు. అత్తగారిని చేతికర్ర ఇచ్చి తీసుకొచ్చి చూపిస్తే, ఆవిడ వంగి తేరిపార చూసి, "ఇదా! దీనికోసమా ఇల్లంతా తలకిందులు చేశారు? దీనికంటే మా చింతకాయ నయం," అంది. చుట్టరికం ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

కట్టు విప్పాక అద్దాల మామ పనిలోకి వచ్చాడు. తాడు అవతల నిలబడి చూస్తే, ఒళ్ళంతా జిలపెట్టేది. గాయాలు మానినచోట మళ్ళీ గడ్డలు లేస్తున్నాయి. వాటి సందుల్లో దుమ్ము, పాచి, ఎండిన ఆకుపొట్టు. నిజంగా పిండినల్లి వచ్చినా కనబడదు. చూడవచ్చినవాళ్ళు ఆగి, ముక్కు చిట్లించి, "ఇంత మురికిగా ఉందేమిటండీ, ఎవరూ తుడవరా?" అని అడుగుతున్నారు. ఇదివరకు చచ్చిపోతోందా అని అడిగేవాళ్ళు, దానికైనా జవాబుండేది.

"తుడవరండీ," అంటాడు. అని, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుంటాడు.

సరే, దీన్ని వదిలేశాడు. మిగతా చెట్లున్నాయిగా. ఆ శనివారం తలుపులు మూశాక సబ్బునీళ్ళు కలుపుకుని, బద్ద తీసుకుని, పక్క చెట్టు దగ్గరికెళ్ళాడు. కొమ్మ మొదట్లో చిన్న మొటిమ ఉంది. ఎప్పుడూ ఉండేదే. బద్ద ఆనించాడు. లాగలేకపోయాడు.

కళ్ళజోడు పైకెత్తి చూశాడు. గోటితో మెల్లగా గిల్లి చూశాడు. పురుగేనా? పురుగైతే ఇంత గట్టిగా ఉంటుందా? మొగ్గైతే ఇంత బూడిదరంగులో ఉంటుందా? అటు తిరిగి చూశాడు, ఇటు తిరిగి చూశాడు. పెద్దమాలి మండుతున్న చెట్ల ముందు నిలబడి చెప్పిన మాట చెవిలో మోగింది. దాని వెనకే చేతిలో చిట్లిన తెల్లటి పువ్వు కనబడింది. బాల్చీలో సబ్బునీళ్ళు చల్లారిపోయాయి.

"ఇంకెంతసేపు మామా? బాయిలరు తగ్గించెయ్యాలి," అని బాయిలరాయన కేక వేశాడు.

"ఇంకా మొదటి చెట్టు దగ్గరే ఉన్నానురా," అన్నాడు అద్దాల మామ, బద్ద మొటిమకి ఆనించే ఉంచి.